నాన్న సంతకం చిన్నదైపోయింది: వయసా, జబ్బా?

కాలువగట్టు | ఫిబ్రవరి 9, రాత్రి 10:15

మా నాన్నకు 71 ఏళ్లు. ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. అమ్మా ఆయనా తెనాలిలో, నేను హైదరాబాదులో. పోయిన వారం బ్యాంకువాళ్లు సంతకం కలవలేదని చెక్కు వెనక్కి ఇచ్చారు. నాన్న అక్కడే నిలబడి మళ్లీ మూడుసార్లు పెట్టారట. మూడూ మూడు రకాలు, ఒకదానికంటే ఒకటి చిన్నవి. చివరి బెంచీకి కనబడేలా నల్లబల్ల మీద గుమ్మడికాయలంత అంకెలు వేసిన మనిషి ఆయన.

ఆ మాట విన్నాక వెనక్కి తిరిగి చూసుకుంటే, ఏడాదిగా చాలానే మారాయి. అడుగులు దగ్గరదగ్గరగా పడుతున్నాయి. గడప దగ్గర ఆగి, చూసుకుని దాటుతున్నారు. కుర్చీలోంచి లేవడానికి రెండు మూడు ప్రయత్నాలు కావాలి. చేతులు రెండూ కొద్దిగా వణుకుతాయి. మనం హాస్యమాడితే నవ్వుతారు గానీ ముఖం నవ్వదు. ఏదైనా అడిగితే జవాబు రావడానికి చాలాసేపు పడుతుంది. అమ్మ దాన్ని మతిమరుపు అంటోంది. బాబాయి "ఈ వయసులో చాదస్తం మామూలే" అని తేల్చేశాడు. ఊళ్లో చూపిస్తే పార్కిన్సన్స్ కావచ్చు, మతిమరుపు జబ్బు కూడా మొదలైనట్లుంది అని రెండు రకాల మాత్రలు రాసి ఇచ్చారు. ఇంకా మొదలుపెట్టలేదు. ఏం చేయమంటారు?

మల్లెపందిరి | ఫిబ్రవరి 9, రాత్రి 10:52

అమ్మా, ముందు మీ బాబాయి మాట పక్కన పెట్టండి. మా అత్తగారి విషయంలో ఆ "మామూలే" అన్న మాట మాకు రెండేళ్లు పోగొట్టింది. ఆవిడ పాల ప్యాకెట్టు తీసుకెళ్లి బీరువాలో చీరల మధ్య పెట్టిన రోజు కూడా మేము నవ్వుకున్నాం. నరాల వైద్యుడికి చూపించండి. మిగతాది తర్వాత రాస్తాను, పొద్దున్నే లేవాలి.

దూరపుకొండ | ఫిబ్రవరి 10, ఉదయం 6:05

మాది డాలస్. ఇక్కడ మతిమరుపు జబ్బు అల్జీమర్స్‌కు కొత్త ఇంజెక్షన్లు వచ్చాయి, మెదడులో పేరుకున్న గారనే తీసేస్తాయట. నాన్నగారిని ఒకసారి ఇక్కడికి పంపగలిగితే ఆలోచించండి. అక్కడ కాలయాపన చేయకండి.

నిశిరాత్రి | ఫిబ్రవరి 11, రాత్రి 1:20

నేను నరాల వైద్య విభాగంలో పనిచేస్తాను. మనిషిని చూడకుండా జబ్బు పేరు చెప్పడం తప్పు కాబట్టి చెప్పను. కానీ కాలువగట్టు గారు రాసిన తీరులో కొన్ని విషయాలు నన్ను ఆపాయి.

మొదటిది, నిదానం వేరు, మరుపు వేరు. పేరు నాలుక చివర ఆడి, స్నానం చేస్తుండగా గుర్తుకు రావడం వయసు లక్షణం. నిన్న పెళ్లికి వెళ్లిన సంగతే మొత్తంగా చెరిగిపోవడం, నలభై ఏళ్లు నడిచిన వీధిలో దారి తప్పడం వయసు కాదు. ఈ రెంటి నడుమ ఇంకొకటుంది: జవాబు లోపల భద్రంగానే ఉంటుంది, బయటికి రావడానికి ఆలస్యమవుతుంది. ఇంట్లోవాళ్లు అర నిమిషం ఆగలేక తామే జవాబు అందిస్తారు, ఆ తర్వాత "ఈయనకు గుర్తుండటం లేదు" అంటారు. నాన్నగారిని తొందరపెట్టకుండా ఏదైనా అడిగి, గడియారం చూస్తూ ఆగండి.

రెండోది, వణుకు రెండు చేతులకూ ఉందన్నారు. పార్కిన్సన్స్ సాధారణంగా ఒక పక్క మొదలవుతుంది, రెండో పక్కకు తర్వాత పాకుతుంది. ప్రతి మనిషిలోనూ అలాగే జరగాలని లేదు. అయినా అడగవలసిన ప్రశ్నలున్నాయి. వాసన తగ్గిందా? కొన్నేళ్లుగా మలబద్ధకం ఉందా? నిద్రలో కేకలు వేయడం, చేతులు విసరడం ఉందా? ఇవి వణుకు కంటే ఏళ్ల ముందే కనిపించే గుర్తులు. ఇవేవీ లేకుండా ఏడాదిలో ఇంత మార్పు వస్తే నేను మొదట చూసేది స్కానింగు కాదు, మందుల సంచి.

డాలస్ మిత్రులకు: మీరు చెప్పిన మందుల్లో లెకానెమాబ్‌కు 2023లో, డోనానెమాబ్‌కు 2024లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి వచ్చింది. మొదటిదాని ప్రయోగంలో ఏడాదిన్నర పాటు జబ్బు ముదిరే వేగం సుమారు 27 శాతం తగ్గింది. జబ్బు ఆగలేదు, వెనక్కి మళ్లలేదు. కొందరికి మెదడులో వాపు, చిన్న రక్తస్రావాలు వస్తాయి కాబట్టి మళ్లీ మళ్లీ ఎమ్మారై తీయాలి. పైగా అవి తొలిదశ అల్జీమర్స్‌కు మాత్రమే. ఈ నాన్నగారికి ఉన్నది అది అని ఎవరూ ఇంకా తేల్చలేదు.

మాత్రలపెట్టె | ఫిబ్రవరి 11, ఉదయం 7:40

ఇరవై ఆరేళ్లుగా ఖమ్మంలో మందుల షాపు నడుపుతున్నాను. నిశిరాత్రి గారి "మందుల సంచి" మాట పట్టుకుని అడుగుతున్నాను. అమ్మా, నాన్నగారు వేసుకునే ప్రతి మాత్ర అట్ట వెనక్కి తిప్పి, అక్కడ చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లన్నీ ఇక్కడ రాయండి. ముందువైపు పెద్దగా ఉండే కంపెనీ పేరు నాకు అక్కర్లేదు. "బలం మాత్ర", "గ్యాస్ మాత్ర", "తలతిరుగుడు మాత్ర" అని ఇంట్లో పిలుచుకునేవి ముఖ్యంగా వదలకండి.

వేపచెట్టు | ఫిబ్రవరి 11, ఉదయం 9:10

ఇన్ని మందులేమిటండీ! వణుకును మన పెద్దలు కంపవాతం అన్నారు. దూలగొండి గింజలు పాలలో ఉడికించి, పొట్టు తీసి, ఎండబెట్టి పొడి చేసి ఇవ్వండి. నా వయసు 68, నాకు రాసుకున్న చిరునామా లేకుండా ఊరంతా తెలుసు. మతిమరుపుకు సరస్వతి ఆకు ఉండనే ఉంది.

కాలువగట్టు | ఫిబ్రవరి 12, రాత్రి 9:30

అమ్మ చేత అట్టలన్నీ ఫొటో తీయించాను. రాస్తున్నాను.

షుగరుకు మెట్‌ఫార్మిన్, పదకొండేళ్లుగా. బీపీకి ఆమ్లోడిపిన్. "గ్యాస్ మాత్ర" అని ఒక గొట్టం మాత్ర, పొద్దున్నే పరగడుపున. దాని వెనక రాబిప్రజోల్, లెవోసల్పిరైడ్ అని రెండు పేర్లున్నాయి. ఏడాదిన్నర క్రితం కడుపు ఉబ్బరంగా ఉందంటే రాసి ఇచ్చారు. చీటీ దొరికింది, దాని మీద "14 రోజులు" అని ఉంది. బాగుందని నాన్న ఖాళీ అట్ట షాపులో చూపించి అదే తెచ్చుకుంటూ వచ్చారు.

ఇంకో సంగతి. నిశిరాత్రి గారు చెప్పినట్లు గడియారం పెట్టుకుని ఆగాను. ఫోనులో పదిహేడో ఎక్కం అడిగాను. మొదలుపెట్టడానికే చాలాసేపు పట్టింది. అమ్మ పక్కనుంచి "వదిలెయ్, ఆయనకు రాదు" అంటూనే ఉంది. "పదిహేడు తొమ్ములు నూట యాభై మూడు" దగ్గరికి వచ్చేసరికి దాదాపు మూడు నిమిషాలు. ఒక్కటి కూడా తప్పు పోలేదు. వాసన బాగానే ఉందట, పక్కింటి చేపల పులుసు గురించి ఫిర్యాదు చేశారు.

మాత్రలపెట్టె | ఫిబ్రవరి 12, రాత్రి 9:44

ఆ గొట్టం మాత్రే. లెవోసల్పిరైడ్.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఈ మాత్ర నేనూ అమ్మాను, ఖాళీ అట్ట చూసి, చీటీ అడగకుండా. "గ్యాస్‌కు మంచి మాత్ర" అని నేనే చెప్పిన రోజులున్నాయి. నాలుగేళ్ల క్రితం ఒక పెద్దాయన షాపు మెట్టెక్కలేక కాలు గాలిలో ఆపి నిలబడిపోతే, ఆయన కోడలు పెద్దాసుపత్రి నుంచి వచ్చి నా ముందు అట్ట పెట్టి చెప్పేదాకా, ఈ మాత్ర మనిషిని ఇలా బిగుసుకుపోయేలా చేస్తుందన్న సంగతి నాకు తట్టలేదు. ఆ రోజు నుంచి చీటీ లేకుండా అది ఇవ్వడం మానేశాను. అలాగే తలతిరుగుడుకు వాడే సిన్నరిజిన్, తలనొప్పికి వాడే ఫ్లూనరిజిన్, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ ఏళ్ల తరబడి అడిగేవాళ్లను కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు వేస్తాను. కొందరు విసుక్కుని పక్క షాపుకు వెళతారు. వెళ్లనివ్వండి.

నిశిరాత్రి | ఫిబ్రవరి 13, రాత్రి 12:35

షాపువారు చెప్పింది సరైనదే. ఎందుకో కొంచెం విడమరిచి రాస్తాను. ఇది తెలిస్తే భయం తగ్గుతుంది.

మెదడు అడుగున నల్లటి చారలా కనిపించే చిన్న భాగం ఒకటుంది. అక్కడి కణాలు డోపమైన్ తయారుచేసి పంపుతాయి. కదలిక సాఫీగా మొదలవడానికి అది కావాలి. పార్కిన్సన్స్‌లో ఆ కణాలే చనిపోతాయి. వణుకు పైకి కనబడేనాటికే పెద్దభాగం పోయి ఉంటాయి. లెవోసల్పిరైడ్ చేసే పని వేరు. కణాలు బాగానే ఉంటాయి, డోపమైన్ వస్తూనే ఉంటుంది, కానీ అది వెళ్లి కూర్చోవలసిన చోట ఈ మందు ముందే కూర్చుంటుంది. తాళంకప్పలో వేరే తాళంచెవి విరిగి ఇరుక్కుంటే మన చెవి చేతిలోనే ఉండి కూడా తలుపు తెరుచుకోనట్లు. కడుపు కదలికను పెంచడానికి ఇచ్చిన మందు మెదడులో కదలికను ఆపుతుంది. ముసలివారిలో, నెలల తరబడి వాడినవారిలో ఈ ప్రమాదం ఎక్కువ.

వేపచెట్టు గారూ, మీ దూలగొండి మాట నేను కొట్టిపారేయను. ఆ గింజల్లో, మెదడులో డోపమైన్‌గా మారే లెవోడోపా ఉందని 1937లోనే మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇద్దరు శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపించారు. ఈనాటికీ పార్కిన్సన్స్‌కు ప్రధానమైన మందు అదే. ఇంకా విచిత్రం చెబుతాను. మన సర్పగంధ వేరు నుంచి తీసిన రిసర్పిన్‌ను ఒకప్పుడు బీపీకి విరివిగా వాడేవారు. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ ఆ రిసర్పిన్‌ను కుందేళ్లకు ఇస్తే అవి చెవులు వేలాడేసి బొమ్మల్లా ఉండిపోయాయి. లెవోడోపా ఎక్కించగానే లేచి కదిలాయి. డోపమైన్ కదలికకు అవసరమని ప్రపంచానికి తెలిసింది అలా. 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది. అంటే ఒక మందు మనిషిని బిగుసుకుపోయేలా చేయగలదన్నది కొత్త సంగతి కాదు, ఈ శాస్త్రం మొదలైందే అక్కడ.

కానీ గింజల పొడిలో ఏ చెంచాలో ఎంత లెవోడోపా ఉందో ఎవరూ చెప్పలేరు. మాత్రలో దానితోపాటు కార్బిడోపా కలుపుతారు, మందు మెదడుకు చేరకముందే డోపమైన్‌గా మారిపోకుండా, వాంతులు రాకుండా. అన్నిటికంటే ముఖ్యం, ఈ నాన్నగారికి డోపమైన్ కొరత ఉందని తేలలేదు. అడ్డు తీయకుండా పైనుంచి పోయడం దేనికి?

కాలువగట్టు గారూ, మాత్ర మీ అంతట మీరు ఆపకండి. రాసిన డాక్టరుకో, నరాల వైద్యుడికో ఈ అట్ట చూపించి ఆపించండి. బీపీ, షుగరు మాత్రలు మాత్రం ఎవరు చెప్పినా ముట్టుకోవద్దు. రక్తంలో బీ12, థైరాయిడ్, సోడియం చూడమనండి. పదకొండేళ్ల మెట్‌ఫార్మిన్, దాని మీద ఏడాదిన్నర ఆమ్లం తగ్గించే మందు, అదే ఆ గొట్టం మాత్రలోని రాబిప్రజోల్. రెండూ బీ12ను తగ్గించేవే. నాన్నగారు శాకాహారి అయితే మూడో కారణం కూడా చేరినట్లే.

వేపచెట్టు | ఫిబ్రవరి 13, ఉదయం 6:20

సర్పగంధ సంగతి నాకు తెలియదు. బాగుంది. అయినా పథ్యం అన్నమాట మీరెవరూ ఎత్తలేదు.

నిశిరాత్రి | ఫిబ్రవరి 14, రాత్రి 12:10

ఎత్తుతాను. లెవోడోపా వేసుకునేవాళ్లు పప్పన్నం, పెరుగన్నంతో కలిపి మాత్ర మింగితే మందు సరిగా ఎక్కదు. మాంసకృత్తులు, ఈ మందు పేగులో ఒకే దారిన వెళ్లాలి. భోజనానికి కనీసం అరగంట ముందు వేసుకోవాలి. "మందు పనిచేయడం లేదు" అని వచ్చేవాళ్లలో కొందరికి ఈ ఒక్క మార్పు చాలు. పథ్యం మీద మీతో గొడవ లేదు.

కాలువగట్టు | ఫిబ్రవరి 25, రాత్రి 8:50

గుంటూరులో నరాల వైద్యుడికి చూపించాం. ఆయన వేళ్లు టకటకా కొట్టించి, నడిపించి, వెనక నుంచి భుజాలు లాగి చూశారు. గ్యాస్ మాత్ర నిన్నటితో ఆపించారు, కొత్తగా రాసినవి మొదలుపెట్టవద్దన్నారు. బీ12 140 వచ్చింది, ఉండవలసినదానికి చాలా తక్కువట. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. నాన్న గుడ్డు కూడా ముట్టరు.

కానీ ఎమ్మారై నివేదికలో "మెదడు కుంచించుకుపోయింది" అని ఉంది. అమ్మ ఆ మాట పట్టుకుని రెండు రోజులుగా అన్నం తినడం లేదు.

నిశిరాత్రి | ఫిబ్రవరి 26, రాత్రి 1:05

"వయసుకు తగిన" అన్న మాట దాని ముందు ఉందా లేదా చూడండి. ఉండే ఉంటుంది. డెబ్బై దాటిన ఎవరిని స్కాను గొట్టంలో పడుకోబెట్టినా దాదాపు అదే రాస్తారు. చర్మం ముడతలు పడినట్లే మెదడూ కొంత కుదించుకుపోతుంది. మేము చూసేది ఎక్కడ, ఎంత అన్నది. జ్ఞాపకాలను నిలబెట్టే భాగం మిగతా వాటికంటే ఎక్కువ కరిగిందా, లోపలి నీటి గదులు పెద్దవయ్యాయా, పుర్రె లోపల పాత రక్తం గడ్డకట్టి నొక్కుతోందా. నీటి గదులు పెరిగితే నడక, మూత్రం, మతి మూడూ ఒకేసారి దెబ్బతింటాయి. గొట్టం వేసి ఆ నీటిని మళ్లిస్తే లేచి నడిచినవాళ్లున్నారు. నివేదికలో అవేవీ లేకపోతే భయపడనక్కర్లేదు. అమ్మగారిని భోంచేయమనండి.

మల్లెపందిరి | మార్చి 2, మధ్యాహ్నం 3:15

ఈ చర్చ చదువుతుంటే సంతోషంగానూ ఉంది, కొంచెం కడుపులో మంటగానూ ఉంది. దాచడం ఎందుకు. మాకు ఇలాంటి అట్ట ఏదీ దొరకలేదు. బీ12 బాగుంది, థైరాయిడ్ బాగుంది, మా అత్తగారిది అల్జీమర్స్. తొమ్మిదేళ్లు చూసుకున్నాను. తొలిరోజుల్లో డోనెపెజిల్ వేశారు, కొన్నాళ్లు కాస్త నిలకడ వచ్చింది. ఆ తర్వాత మందులతో పని కాలేదు, ఓపికతో అయింది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మొదలయ్యేది. "మా ఇంటికి తీసుకెళ్లండి" అనేవారు, నలభై ఏళ్లుగా ఉన్న ఇంట్లో కూర్చునే. "ఇదే మీ ఇల్లు" అని మొదట్లో వాదించాను, గోడమీది పెళ్లి ఫొటో చూపించాను. ఏడిచేవారు, కొట్టేవారు. ఆ తర్వాత నేర్చుకున్నాను. "పదండి వెళదాం, కాఫీ తాగి వెళదాం" అని చెప్పులు తొడిగి, వీధి చివరి దాకా నడిపించి వెనక్కి తెచ్చేదాన్ని. మా గేటు చూడగానే "వచ్చేశామే" అనేవారు. దీన్ని అబద్ధం అన్నవాళ్లున్నారు మా చుట్టాల్లో. వాళ్లెవరూ ఒక్క సాయంత్రం కూడా వచ్చి కూర్చోలేదు.

ఆవిడ పుట్టింది బళ్లారిలో. పెళ్లయ్యాక అంతా తెలుగే. ఆఖరి రెండేళ్లలో తెలుగు జారిపోయి చిన్ననాటి కన్నడం తిరిగొచ్చింది. "నీరు" అన్నది ఒక్కటే మా ఇద్దరికీ పొత్తుగా మిగిలిన మాట. ఫోనులో కన్నడ పాటలు పెట్టి, పక్క వీధిలోని కన్నడావిడను బతిమాలి, రోజూ అరగంట కూర్చోబెట్టేదాన్ని. ఆ అరగంట నేను పడుకునేదాన్ని. చూసుకునేవాళ్లకు కూడా నిద్ర కావాలని చెప్పేవాళ్లు ఉండరు, అందుకని చెబుతున్నాను.

పాతబస్తీ | మార్చి 2, సాయంత్రం 6:30

మల్లెపందిరి గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ తోచలేదు.

భాషల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఇది మన హైదరాబాదులోనే, నిమ్స్‌లో జరిగింది. సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది మతిమరుపు రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించింది. వారిలో 391 మందికి రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు వచ్చు. ఒక్క భాషే వచ్చినవాళ్లకంటే వీరికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. విదేశాల్లో ఇలాంటి అధ్యయనాలను "వాళ్లు వలస వచ్చినవాళ్లు, చదువుకున్నవాళ్లు" అని తోసిపుచ్చేవారు. ఇక్కడ ఆ మాట చెల్లలేదు. బడికే వెళ్లనివారిలో కూడా తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, అంగడిలో దక్కనీ ఉర్దూ మాట్లాడే మా వీధి పండ్ల బండి తాత ఏ పరీక్షా రాయకుండానే మెదడుకు కసరత్తు చేస్తున్నాడన్నమాట.

దూరపుకొండ | మార్చి 3, ఉదయం 5:50

నా మొదటి సలహా తొందరపాటు, ఒప్పుకుంటున్నాను. దూరంగా ఉన్నవాళ్లకు డబ్బుతో అయ్యే పనే ముందు తడుతుంది. నాకు 46. ఇప్పుడు నేను ఏం చేస్తే మెదడు నిలుస్తుంది? సుడోకు ఆడుతున్నాను.

నిశిరాత్రి | మార్చి 4, రాత్రి 12:50

ఆడండి, తప్పు లేదు. కానీ సుడోకు కంటే బీపీ యంత్రం మేలు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల సంఘం 14 కారణాలు లెక్కగట్టి, వాటిని సరిచేయగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం మతిమరుపు జబ్బులను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని చెప్పింది. బీపీ, షుగరు, చెడు కొవ్వు, పొగ, ఒంటరితనం, గాలి కాలుష్యం అందులో ఉన్నాయి. జనం పట్టించుకోనిది వినికిడి. చెవికి యంత్రం పెట్టుకోవడం నామోషీ అనుకుని పదేళ్లు మాటల్లేకుండా కూర్చునేవాళ్లను రోజూ చూస్తున్నాను. కళ్లద్దాలకు లేని నామోషీ చెవికి ఎందుకో నాకు అర్థం కాదు.

కాలువగట్టు | మార్చి 12, రాత్రి 9:05

మాత్ర ఆపి పదహారు రోజులు. మార్పేమీ లేదు. పైగా కడుపు ఉబ్బరం తిరిగొచ్చి నాన్న అమ్మ మీద కోప్పడుతున్నారు. ఆ మాత్ర మళ్లీ తెమ్మంటున్నారు.

మాత్రలపెట్టె | మార్చి 12, రాత్రి 9:20

వద్దు. మీ వీధిలోని షాపుకు ఫోన్ చేసి, ఆయన వస్తే ఇవ్వవద్దని చెప్పి ఉంచండి. రాత్రి భోజనం ఏడున్నరకు మార్చండి, తిన్నాక పది నిమిషాలు నడిపించండి.

వేపచెట్టు | మార్చి 12, రాత్రి 9:31

వాము నీళ్లు. దీనికైనా ఎవరూ అడ్డు చెప్పరనుకుంటాను.

నిశిరాత్రి | మార్చి 13, రాత్రి 1:15

చెప్పను. పదహారు రోజులు తక్కువ సమయం. కొందరికి వారాల్లో, చాలామందికి నెలల్లో తేడా తెలుస్తుంది. కొద్దిమందికి పూర్తిగా పోదు. వారిలో అసలు పార్కిన్సన్స్ లోపల మెల్లగా మొదలై ఉండి, ఈ మందు దాన్ని ముందే బయటపెట్టి ఉండవచ్చు. అందుకే మెరుగైనా సరే, ఏడాది పాటు డాక్టరు దగ్గరికి వెళుతూ ఉండాలి.

కాలువగట్టు | జూన్ 21, రాత్రి 10:40

చాలా రోజులైంది. ఇక్కడ అడిగినవాళ్లందరికీ సమాధానం చెప్పకపోవడం తప్పే.

మొదట మారింది ముఖం. ఏప్రిల్ మొదటి వారంలో అమ్మ ఫోన్ చేసి "మీ నాన్న కనుబొమలు ఎగరేశాడు" అని చెప్పింది, పిల్లాడికి పన్ను వచ్చిందని చెప్పినట్లు. తర్వాత లేవడం సులువైంది. మే నెలాఖరుకు గడప దగ్గర ఆగడం పోయింది. వణుకు ఎడమచేతిలో పూర్తిగా పోయింది, కుడిచేతిలో టీ గ్లాసు పట్టుకున్నప్పుడు ఇంకా కొంచెం ఉంది. ఆ కుడిచేతి మీద కన్నేసి ఉంచాలన్నారు, సెప్టెంబరులో మళ్లీ రమ్మన్నారు. బీ12 ఇప్పుడు 400 దాటింది.

సంతకం మాత్రం పాతంత పెద్దది కాలేదు. బ్యాంకువాళ్లు కొత్త నమూనా తీసుకున్నారు. బయటికి వస్తూ నాన్న "పాతదానికి ఇది మూడింట రెండొంతులు ఉంటుంది" అన్నారు. నేను కొలవలేదు.

తుంగభద్ర | జూన్ 22, ఉదయం 8:15

మొత్తం చదివాను. ఇప్పుడే లేచి మా అమ్మ మాత్రల డబ్బా తీశాను. ఆవిడకు 66. తలతిరుగుడుకని ఒకటి రోజూ రెండు పూటలా వేసుకుంటోంది, ఎప్పటి నుంచో ఆవిడకే గుర్తు లేదు. అట్ట సగం చిరిగి ఉంది. "సిన్న" దాకే కనబడుతోంది.

మాత్రలపెట్టె | జూన్ 22, ఉదయం 8:19

మిగతా సగం వెతకండి. నేను షాపులోనే ఉన్నాను.